బైపాస్ అయి నాలుగు నెలలు: కోత గీత ఇంకా లాగుతోంది, నడవాలంటే భయం

అడిగిన ప్రశ్న క్లుప్తంగా: వయసు 56. తెనాలి దగ్గర ఊళ్లో కిరాణా కొట్టు. డిసెంబరులో బైపాస్ అయింది, మూడు గ్రాఫ్టులు (మూసుకున్న నాళాన్ని దాటించే అతుకు నాళాలు) వేశారు. మొన్నటి చెకప్‌లో గుండె బాగా పనిచేస్తోందని, ఎముక అతుక్కుందని చెప్పారు. అయినా ఛాతీ మీద గీత లాగుతుంది, దురద పెడుతుంది. ఎడమ వైపు మొద్దుబారింది, చొక్కా తగిలితే మాత్రం మంట. కాలి కోత దగ్గర సాయంత్రానికి వాపు. ఇంట్లో మంచినీళ్ల చెంబు కూడా ఎత్తనివ్వడం లేదు. నడుద్దామంటే కుట్లు విచ్చుకుంటాయేమోనని భయం. ఈ బాధ ఎన్నాళ్లు ఉంటుంది, కొట్లో ఎప్పుడు కూర్చోవచ్చు?

అన్నగారూ,

నేను ఫిజియోథెరపిస్టుని. విజయవాడలో గుండె ఆపరేషన్ల వార్డుల్లో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఆపరేషన్ మర్నాడు ఐసీయూలో మనిషిని లేపి కూర్చోబెట్టి, మూడు బంతుల డబ్బా చేతికిచ్చి "పీల్చండి, ఇంకా పీల్చండి" అని ప్రాణం తీసే ఆవిడ ఒకరు ఉంటారే, ఆ పని నాది. కాబట్టి కోత గురించి, కదలడం గురించి నాకు తెలిసింది చెబుతాను. మందుల జోలికి ఒక్కచోట తప్ప వెళ్లను, అవి మీ డాక్టరుగారివి.

ముందు ఆ "కుట్లు విచ్చుకుంటాయేమో" అన్న మాట సంగతి చూద్దాం. వారానికి ఒకరి నోటనైనా వింటాను. మీ ఛాతీలో ఇప్పుడు విచ్చుకోవడానికి కుట్లంటూ ఏమీ లేవు. పైచర్మానికి వేసినవి రెండు మూడు వారాల్లోనే తీసేసి ఉంటారు, లేదా లోపల వేసినవైతే ఎప్పుడో కరిగిపోయి ఉంటాయి. రొమ్ము మధ్య ఎముకను నిలువునా కోసినప్పుడు మళ్లీ దాన్ని దగ్గరకు చేర్చి స్టీలు తీగలతో మెలేసి బిగిస్తారు. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది తీగలు వేస్తారు. మీ ఎక్స్‌రే ఫిల్ము ఎండకు ఎత్తి చూడండి, ఛాతీ మధ్యలో చిన్న చిన్న ముడులు వరసగా కనపడతాయి. అవి జీవితాంతం అక్కడే ఉంటాయి. (అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు ఎయిర్‌పోర్టులో మోగుతుందా అని తప్పకుండా అడుగుతారు. మామూలుగా మోగదు.) ఎముక ఆరు నుంచి ఎనిమిది వారాల్లో చాలావరకు అతుక్కుంటుంది, మూడు నెలలకు గట్టిపడుతుంది. మీకు నాలుగు నెలలైంది, పైగా డాక్టరు చూసి అతుక్కుందన్నారు. ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి.

మరి బాధ ఎందుకంటే, ఎముకకున్న లెక్క చర్మానికి లేదు, చర్మానికున్న లెక్క నరాలకు లేదు. చర్మం మానడం అంటే గాయం మూసుకోవడంతో అయిపోయే పని కాదు. మొదటి వారాల్లో శరీరం తొందర తొందరగా కొల్లాజెన్ అనే మాంసకృత్తి పోగులు పోసి కంత పూడుస్తుంది. హడావుడిగా వేసిన అతుకు కదా, పోగులు అడ్డదిడ్డంగా, గట్టిగా, ఉబ్బుగా ఉంటాయి. తర్వాత వాటిని విప్పుకుంటూ, మళ్లీ సర్దుకుంటూ ఏడాది, ఏడాదిన్నర పాటు పని సాగుతుంది. అంతా అయ్యాక కూడా ఆ మచ్చకు మామూలు చర్మం బలంలో 80 శాతం దాకానే వస్తుంది. మీరిప్పుడు ఆ సర్దుబాటు మధ్యలో ఉన్నారు. మూడు నుంచి ఆరు నెలల మధ్య మచ్చ ముదురు రంగులో, బిరుసుగా, దురదగా ఉండటం నేను చూసినవాళ్లలో మామూలే. ఆ సమయానికే "అందరికీ తగ్గిపోయింది, నాకే తగ్గలేదు" అనిపించడం కూడా మామూలే.

ఇక నరాలు. ఇక్కడ మన భాషతో ఒక చిక్కుంది. రక్తం పారేదాన్నీ నరమే అంటాం, స్పర్శ తెలిపేదాన్నీ నరమే అంటాం. "కాలి నరం తీసి గుండెకు వేశారు" అంటే అది రక్తనాళం. నేను ఇప్పుడు చెప్పేది రెండో రకం గురించి.

ఎడమ వైపే మొద్దుబారడానికి కారణం ఉంది. రొమ్ము ఎముక వెనక, అంచు పక్కగా ఒక ధమని కిందికి దిగుతుంది. వార్డులో మేం "లీమా" అంటాం. బైపాస్‌లో చాలామందికి ఎడమ వైపున్న ఈ ధమనిని గోడ నుంచి విడదీసి గుండె ముందు భాగానికి రక్తం ఇచ్చే ముఖ్యమైన నాళానికి కలుపుతారు. కాలి నుంచి తీసిన నాళం కంటే ఇది ఎక్కువ ఏళ్లు మూసుకుపోకుండా ఉంటుంది, అందుకే దీనికంత విలువ. అలా విడదీసేటప్పుడు పక్కటెముకల మధ్య నుంచి చర్మానికి వచ్చే సన్నని స్పర్శ నరాలు సాగుతాయి, కొన్ని తెగుతాయి. మీ ఎడమ రొమ్ము పక్కన ఉన్న మొద్దుతనం అదే. గుండెలో ఏదో తేడా వచ్చిందన్న గుర్తు కాదు.

తెగిన నరం మళ్లీ పెరుగుతుంది, కానీ ఎంత బాగా పెరిగినా రోజుకు ఒక మిల్లీమీటరు లెక్కన. పెరిగేటప్పుడు నోరు మూసుకుని పెరగదు. చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు, ఉన్నట్టుండి కరెంటు కొట్టినట్టు ఉంటుంది. మొద్దుగా ఉన్నచోటే చొక్కా తగిలితే మంట పుట్టడం మీకు వింతగా ఉండొచ్చు, కానీ దెబ్బతిన్న నరం చేసే పనే అది. మెత్తటి గుడ్డ తాకిడిని కూడా మెదడుకు నొప్పి అని చేరవేస్తుంది. నెలలు గడిచేకొద్దీ ఆ మేర తగ్గుతూ వస్తుంది. కొందరికి చిన్న ముక్క మాత్రం మొద్దుగానే మిగిలిపోతుంది. నాకు సిజేరియన్ అయి పంతొమ్మిదేళ్లు. కోతకు పైన రెండు వేళ్ల మేర ఇప్పటికీ నాది కాదన్నట్టే ఉంటుంది. పట్టించుకోవడం ఎప్పుడో మానేశాను.

దీనికి ఇంట్లో చేసుకోగల మంచి పని, ఆ చోటును తాకడం. చాలామంది దీనికి సరిగ్గా ఉల్టా చేస్తారు. తగిలితే మంట కాబట్టి వదులు చొక్కాలు వేసుకుని, గుండీలు విప్పుకుని, స్నానంలో కూడా ఆ చోట చెయ్యి పెట్టకుండా నీళ్లు పోసుకుంటారు. దివిసీమ నుంచి వచ్చిన ఒక రైతు ఎనిమిది నెలల పాటు గీత మీద ఎవరి చెయ్యీ, తన చెయ్యి కూడా పడనివ్వలేదు. నా దగ్గరికి వచ్చేసరికి గీత బాగానే ఉంది, ఎడమ భుజం మాత్రం బిగుసుకుపోయి చెయ్యి చెవి దాకా లేవడం లేదు. తాకకపోతే మెదడుకు ఆ చోటు నుంచి అందే కబురు ఆ మంట ఒక్కటే. రోజూ రకరకాలుగా తాకుతుంటే, ఇది గుడ్డే, ప్రమాదం లేదని నెమ్మదిగా నేర్చుకుంటుంది.

ఎలాగంటే, పాత నూలు చీర ముక్క, పట్టు పంచె కొస, తువ్వాలు, ఇలా మెత్తనివి నుంచి గరుకువి దాకా నాలుగైదు తీసిపెట్టుకోండి. అన్నిటికంటే మెత్తనిదాంతో మంట పుట్టే చోట రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా రాయండి, చూస్తూ రాయండి. కళ్లు తిప్పుకుంటే సగం పనే అవుతుంది. మంట ఓర్చుకునేంతలో ఉండాలి, పళ్లు బిగించేంత ఉండకూడదు. రోజుకు మూడు నాలుగు సార్లు. ఆ గుడ్డ విసుగనిపించే రోజు వస్తుంది, అప్పుడు తర్వాతి దానికి వెళ్లండి. తువ్వాలుతో తుడుచుకోగలిగిన రోజున చొక్కా గుండీలు పెట్టుకోవడం ఒక లెక్కలోకి రాదు.

లాగుడుకు మర్దన. గీత మీద పొక్కు గానీ, చెమ్మ గానీ, తెరిచిన చోటు గానీ లేకపోతేనే సుమా. మీ నాలుగు నెలలకు అవేమీ ఉండకూడదు, ఉంటే ముందు సర్జనుకు చూపించాలి. స్నానం తర్వాత, మామూలు కొబ్బరినూనె రెండు చుక్కలు చాలు. బొటనవేలి మెత్తతో గీత మీద ఒకచోట ఆనించి, వేలు జారకుండా కింది చర్మాన్నే గుండ్రంగా కదపండి. తర్వాత పైకీ కిందికీ, ఆ తర్వాత అడ్డంగా. గోరు కింద తెల్లబడేంత ఒత్తిడి చాలు. ఐదు నిమిషాలు, పూటకోసారి. చర్మం కింద పొరలకు అతుక్కుని లోపలికి లాగినట్టున్న చోటు ఒకటి రెండు ఉంటాయి, అక్కడ కాస్త ఎక్కువసేపు ఉండండి. ఒక వారంలో ఏమీ కనపడదు. ఆరు వారాలకు, ఎప్పుడో పైఅరలో డబ్బా అందుకుంటూ ఉంటే లాగలేదే అని గుర్తొస్తుంది. విటమిన్ ఈ గొట్టాలు తెచ్చి రాయమని ఎవరైనా అంటే, దానివల్ల మచ్చ తగ్గుతుందని రుజువేమీ లేదు, కొందరికి చర్మం ఎర్రబడి పొక్కుతుంది కూడా. పసుపు ముద్ద వద్దు. మర్దనలో మేలు చేసేది వేలు, నూనె వేలు జారడానికే.

దురద వేసవిలో పెరుగుతుంది. చెమట, ఉప్పు, ఉబ్బిన మచ్చ, మూడూ కలిస్తే రాత్రి నిద్ర ఉండదు. నూలు బనియను వేసుకుని మధ్యాహ్నం ఒకసారి మార్చుకోండి. చల్లటి నీళ్లలో పిండిన గుడ్డ పది నిమిషాలు వేసుకుంటే చాలావరకు ఊరట దొరుకుతుంది. గోకడానికి బదులు అరచేత్తో అదమండి. వాసన పౌడర్లు మానేయండి. గుండీలు తీసుకుని ఎండలో తిరగకండి, కొత్త మచ్చ ఎండకు నల్లబడితే ఆ నలుపు పోవడానికి చాలా కాలం పడుతుంది.

ఒక విషయం మాత్రం అద్దం ముందు నిలబడి చూసుకోండి. మచ్చ ఉబ్బి ఉన్నా గీత హద్దులోనే ఉందా, లేక హద్దు దాటి పక్క చర్మం మీదికి పాకుతోందా? హద్దులో ఉంటే కాలంతో చదునయ్యే అవకాశం ఎక్కువ. దాటి పెరుగుతుంటే అది కీలాయిడ్. ఒంట్లో కీలాయిడ్‌కు ఇష్టమైన చోట్లలో రొమ్ము మధ్య భాగం ఒకటి, మనలాంటి ముదురు చాయ చర్మాలకు ఇంకాస్త ఎక్కువ. అప్పుడు చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి త్వరగా వెళ్లాలి. సిలికాన్ పట్టీలు రోజుకు 12 గంటలకు పైగా, కనీసం రెండు మూడు నెలలు వేసుకోమంటారు. లేకపోతే మచ్చలోకే నాలుగు నుంచి ఆరు వారాలకోసారి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. షుగరు ఉన్నవాళ్లకు ఆ ఇంజెక్షన్ తర్వాత కొద్ది రోజులు షుగరు పెరగొచ్చు, ముందే చెప్పాలి. "కోసి తీసేస్తే పోతుందిగా" అనే సలహా మాత్రం వినకండి. కీలాయిడ్‌ను ఊరికే కోస్తే, అంతకంటే పెద్దది తిరిగొచ్చిన వాళ్లను చూశాను.

ఇప్పుడు మందుల మాట, చెప్పాను కదా ఒక్కచోటేనని. గీత నొప్పికి మెడికల్ షాపుకు వెళ్లి "నొప్పి బిళ్ల ఇవ్వు" అని డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటివి తెచ్చుకోకండి. బైపాస్ అయినవాళ్లకు అవి గుండెకూ, కిడ్నీలకూ మంచివి కావు. మీరెలాగూ ఆస్పిరిన్ మింగుతూ ఉంటారు, దాంతో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. రాయడానికి పెయిన్ బామ్ ఏది వాడాలన్నా అడిగే వాడండి. మామూలు నొప్పికి పారాసిటమాల్ ఎంతవరకు వేసుకోవచ్చో మీ డాక్టరు చెబుతారు. కరెంటు కొట్టినట్టుండే మంట నిద్ర పోనివ్వకపోతే దానికి వేరే రకం మందులున్నాయి, నరాల నొప్పి అని చెప్పి అడగండి. మామూలు నొప్పి బిళ్లలకు నరాల మంట తగ్గదు, అది తగ్గలేదని మనం ఇంకో బిళ్ల వేసుకుంటాం, అదీ గొడవ.

తిండి గురించి మీరు అడగలేదు, కానీ ఇంట్లో ఏం జరుగుతోందో ఊహించగలను. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడని, వంకాయ దురదని, చారన్నం మీద ఉంచేసి ఉంటారు. మచ్చ తయారయ్యేదే మాంసకృత్తులతో. పప్పు, పెరుగు, గుడ్డులో తెల్లసొన, చేప మానేస్తే శరీరం దేంతో అతుకు వేయాలి? ఉప్పు, నూనెల మీద డాక్టరు పెట్టిన హద్దులు అలాగే ఉంచుకుని ఇవి తినండి. షుగరు ఉంటే అది అదుపులో ఉండాలి, బీడీ సిగరెట్టు అసలు ఉండకూడదు. గాయం మానడాన్ని ఆలస్యం చేసేవి అవి, వంకాయ కాదు.

మీరు రాయని ఇంకో నొప్పి గురించి చెప్పనా? మెడ వెనక, రెక్క ఎముకల మధ్య సాయంత్రానికి పట్టేసినట్టు ఉంటోంది కదూ. గీతను కాపాడుకోవడానికి భుజాలు ముందుకు వంచి, ఛాతీని లోపలికి ముడుచుకుని నడుస్తారు. నాలుగు నెలలు అలా ఉంటే ముందు కండరాలు పొట్టివై, వెనక కండరాలు సాగి అలిసిపోతాయి. ఆ బిగుతు వల్ల గీత ఇంకా లాగుతుంది. లాగింది కదా అని ఇంకా వంగుతారు. దీనికి గోడ చాలు. వీపు, తల గోడకు ఆనించి నిలబడి, భుజాలను గుండ్రంగా వెనక్కి పదిసార్లు తిప్పండి. తర్వాత రెక్క ఎముకలు రెండూ దగ్గరకు వచ్చేట్టు ఐదు సెకన్లు బిగించి వదలండి, పదిసార్లు. తర్వాత రెండు చేతులూ కలిపి నెమ్మదిగా ఎంతవరకు హాయిగా లేస్తే అంతవరకు పైకి. మొదట్లో రెండు చేతులూ కలిపే ఎత్తండి, ఒక్కటే ఎత్తితే రొమ్ము మీద లాగుడు ఒకవైపే పడుతుంది. ఊపిరి బిగబట్టొద్దు. లోతుగా ఊపిరి తీసి వదిలే ఆ మూడు బంతుల డబ్బా అటక మీద పారేసి ఉంటారు, దాన్ని కూడా దింపండి.

ఇక్కడొక మాట ఆడవాళ్ల కోసం, మీ ప్రశ్న చదివే వాళ్లలో వాళ్లూ ఉంటారు కాబట్టి. రొమ్ముల బరువు గీతను రెండు పక్కలకూ లాగుతుంది. బ్రా వేసుకోకుండా ఉంటే హాయి అనుకుంటారు గానీ, ముందు వైపు హుక్కులున్న మెత్తటి నూలుది, కింద తీగ లేనిది వేసుకుంటే లాగుడు తగ్గుతుంది. గీతకూ బట్టకూ మధ్య పల్చటి మెత్తటి గుడ్డ మడత పెట్టుకోవచ్చు. డాక్టర్లు చాలామంది మగవాళ్లు, వీళ్లు అడగరు, వాళ్లు చెప్పరు.

ఇప్పుడు వదినగారు, మంచినీళ్ల చెంబు. ఆవిడ తప్పేం లేదు. డిశ్చార్జి రోజు మేమే "ఐదు కిలోలకు మించి ఎత్తనివ్వకండి, చేతులు ఊపి తియ్యనివ్వకండి" అని నాలుగుసార్లు చెప్పి పంపిస్తాం. ఎప్పటిదాకా అన్నది మాత్రం ఒకసారే చెబుతాం, అది ఎవరికీ గుర్తుండదు. మన దేశంలో మొదటి బైపాస్‌ను 1975లో చెన్నై పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ చేశారు. అంటే ఈ ఆపరేషన్ మన దగ్గర అర్ధశతాబ్దం నాటిది, కానీ తర్వాత ఎలా కదలాలన్న దాని మీద ఆలోచన మారింది ఈ మధ్యనే. 2016లో అమెరికాలోని డల్లాస్ వాళ్లు బరువుల లెక్క పక్కన పెట్టి కొత్త పద్ధతి ప్రచురించారు. మీ ఒంటి చుట్టూ ఒక గొట్టం ఉందనుకోండి, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా పెట్టుకుని ఆ గొట్టంలోపలే పని చేసుకోండి, అప్పుడు రొమ్ము ఎముక మీద లాగుడు తక్కువ, అని వాళ్ల సిద్ధాంతం. గట్టిగా దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు ఆ ఎముక మీద పడే బలం చెంబెడు నీళ్లు ఎత్తినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మీరు ఈ నాలుగు నెలల్లో ఎన్నిసార్లు తుమ్మి ఉంటారో లెక్కేసుకోండి. 2018లో ఆస్ట్రేలియాలో పాత కట్టుబాట్లనూ, ఇలాంటి సడలింపునూ పక్కపక్కన పెట్టి పరీక్షించారు. సడలించినవాళ్లకు అదనంగా చెడు ఏమీ జరగలేదు. ఇవన్నీ ఆపరేషన్ అయిన మొదటి వారాల గురించి. మీరు నాలుగో నెలలో ఉన్నారు.

కాబట్టి వదినగారితో ఇలా అనండి: చెంబు నేనే తీసుకుంటాను, బిందె నువ్వు తియ్యి. రేపటి నుంచి ఒక కిలో, రెండు కిలోల పొట్లాలు ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తండి. వారం బాగుంటే మూడు, తర్వాత ఐదు. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి, బిగబట్టి ముక్కితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. కండరాలు మర్నాడు కాస్త పులిసినట్టుంటే పర్వాలేదు, పని చేయడం మానేసిన కండరాలవి.

కొట్లో కూర్చోవడానికి అడ్డేం లేదు, మీ డాక్టరును ఒకమాట అడిగి వచ్చే వారమే గల్లాపెట్టె దగ్గరికి వెళ్లండి. మొదట పొద్దున రెండు గంటలు, తర్వాత సాయంత్రం కూడా. కానీ నాకు భయం బియ్యం బస్తాల గురించి కాదు, అవి ఎత్తకూడదని మీకే తెలుసు. షట్టర్ గురించి. వంగి, రెండు చేతులతో కిందినుంచి కుదిపి తల మీదికి తోసే ఆ పని, అందులోనూ తుప్పు పట్టి ఇరుక్కునే షట్టరైతే, మీ ఛాతీకి పెట్టే అన్ని పరీక్షల్లోకీ కష్టమైనది. ఇంకో రెండు నెలలు కుర్రాడితో తీయించండి, ఈలోగా గ్రీజు పెట్టించండి. అలాగే బండికి కిక్కు కొట్టకండి, సెంటర్ స్టాండు వేయకండి. సెల్ఫ్ స్టార్టు స్కూటీ అయితే డాక్టరు ఒప్పుకున్నాక మొదట ఊళ్లోనే, గుంతలు లేని రోడ్డు మీద. 15 కిలోల నూనె డబ్బాలు, 25 కిలోల బస్తాలు ఆరు నెలల తర్వాత సర్జను చూసి సరేనంటేనే. నిజం చెప్పాలంటే, కుర్రాడు ఉండగా అప్పుడు కూడా మీకెందుకు?

కాలి వాపు. లోపలి వైపు నుంచి పొడుగాటి నాళం తీశారు కదా, రక్తం పైకెళ్లే దారుల్లో ఒకటి తగ్గింది. మిగతావి ఆ పని అందుకోవడానికి నెలలు పడుతుంది. పొద్దున తక్కువ, సాయంత్రానికి ఎక్కువ, పడుకుని లేస్తే తగ్గడం, ఇదే పద్ధతైతే కంగారు లేదు. గల్లా దగ్గర కాళ్లు వేలాడేసి మూడు గంటలు కూర్చోకండి, స్టూలు మీద చాపుకోండి, అరగంటకోసారి పాదాలు పైకీ కిందికీ ఇరవైసార్లు ఆడించండి. మేజోడు ఇచ్చి ఉంటే పొద్దున మంచం దిగకముందే వేసుకోవాలి, వాపు వచ్చాక ఎక్కించడం దండగ. చీలమండ లోపలి వైపు మొద్దుగా ఉంటే అదీ ఛాతీ కథే, ఆ నాళం పక్కనే స్పర్శ నరం ఒకటి పోతుంది. కోత లేని కాలు కూడా సమానంగా వాస్తుంటే డాక్టరుకు చెప్పండి. గుండె సంగతి కావచ్చు, లేదా ఆమ్లోడిపిన్ లాంటి బీపీ బిళ్ల వల్ల కూడా కావచ్చు.

నడక గురించి పెద్దగా చెప్పేదేం లేదు, నడవడమే. రోజుకు పది నిమిషాలు మూడుసార్లతో మొదలుపెట్టి, మూడు నాలుగు రోజులకోసారి రెండేసి నిమిషాలు పెంచండి. ఒక్కసారిలో అరగంట నడవగలిగితే వారంలో ఐదు రోజులు చాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే వారానికి 150 నిమిషాలు అదే. వేగం ఎంతంటే, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. చేతి గడియారంలో గుండె వేగం అంకె చూసి నడవకండి, మెటోప్రొలాల్ లాంటి బిళ్ల వేసుకుంటుంటే గుండె వేగం దాన్నిబట్టి తగ్గి ఉంటుంది, ఆ అంకె మీకు అబద్ధం చెబుతుంది. ఈ ఎండల్లో ఏడు లోపే ముగించండి, లేదా సూర్యుడు దిగాక. తిన్న వెంటనే వద్దు. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే బిళ్ల ఇచ్చి ఉంటే జేబులో ఉండాలి, దాన్ని కూర్చుని పెట్టుకోవాలి. చేతులు కట్టుకుని, గీత మీద అరచెయ్యి అదిమి నడవకండి. చేతులు ఊపండి. మొదటి రెండు మూడు రోజులు గీత లాగుతుంది, లాగనివ్వండి, పది నిమిషాలు నడిచేసరికి వేడెక్కి వదులవుతుంది.

ఏ బాధను ఓర్చుకోకూడదో కూడా చెబుతాను. దగ్గినప్పుడో, పక్కకు తిరిగినప్పుడో రొమ్ము ఎముక దగ్గర టిక్కుమని కదిలినట్టు, రాసుకున్నట్టు అనిపిస్తే అదే రోజు సర్జనుకు ఫోన్ చేయండి. గీత కొత్తగా ఎర్రబడి వేడిగా ఉన్నా, చీమో రసో కారినా, 100.4 డిగ్రీలు దాటి జ్వరం వచ్చినా అంతే. పిక్కలో నొప్పితో ఒక్క కాలు బిగుసుకుని వాస్తే ఆలస్యం చేయకూడదు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగి ఆయాసం వస్తే ఆలస్యం చేయకూడదు. ఆపరేషన్‌కు ముందు వచ్చినలాంటి ఛాతీ బరువు, చెమట, ఎడమ చేతిలోకి పాకే నొప్పి వస్తే 108. గీత నొప్పి వేలితో చూపించగలిగేలా ఉంటుంది, నొక్కితే, తిరిగితే మారుతుంది. గుండె నొప్పిని మనిషి అరచెయ్యి మొత్తం పెట్టి చూపిస్తాడు, నొక్కితే మారదు. ఇది వందకు వంద పాళ్లు నమ్మదగ్గ గుర్తు కాదు, అనుమానం వస్తే ఈసీజీ తీయించుకోవడమే. సన్నగా ఉండేవాళ్లకు తీగ ముడి చర్మం కింద చేతికి తగిలి గుచ్చుకుంటుంది, దానికి తొందరేం లేదు, మరీ బాధైతే చిన్న ప్రక్రియతో ఆ ఒక్క తీగ తీసేస్తారు.

రాత్రిళ్లు నిద్ర పట్టక, ఊరికే ఏడుపొస్తోందా అన్నది మీరు రాయలేదు, మగవాళ్లు రాయరు. వస్తుంటే అది కూడా ఈ ఆపరేషన్ తర్వాత చాలామందికి వచ్చేదే. చెకప్‌లో ఎకో (గుండె స్కాన్)తో పాటు ఆ మాట కూడా చెప్పండి, దానికీ వైద్యం ఉంది.

మీ షుగరు ఎంత ఉందో, మచ్చ గీత దాటి పాకుతోందో లేదో, ఏ బీపీ బిళ్ల వేసుకుంటున్నారో రాయలేదు. ఆ మూడూ చూసి మళ్లీ రాయండి. గుడ్డ ముక్కలు ఈ రాత్రికే తీసిపెట్టమని వదినగారికి చెప్పండి, చెంబు మాత్రం మీరే ముంచుకుని తాగండి.